నేల టికెట్టు దగ్గర కులం ఎక్కడ ఆగింది?

చోడవరం అనగానే గోవాడ చక్కెర ఫ్యాక్టరీ, చెరకు బళ్లు, స్వయంభూ వినాయకుడి గుడి గుర్తొస్తాయి. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లాలోకి వెళ్లేదాకా ఇది విశాఖపట్నం జిల్లా ఊరు. మాడుగుల, పాడేరు వైపు వెళ్లే దారిలో ఉంది కాబట్టి చుట్టుపక్కల పల్లెలవాళ్లకు ఆఫీసు పనైనా, ఆస్పత్రైనా, సినిమా అయినా ఇక్కడికే రావాలి. ఇలాంటి ఊళ్ల పాత సినిమాహాళ్ల గురించి రాసేవాళ్లు ఏ హీరో బొమ్మ ఎన్ని రోజులాడిందో లెక్క చెబుతారు. ఆ హాల్లో ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నది మాత్రం వాళ్ల లెక్కలోకి రాదు. మేము ఇక్కడ దాని గురించే మాట్లాడుతున్నాం.

ఊరి గుడిలో దళితులకు గడప దాకానే చోటు. హోటల్లో గ్లాసు వేరు. బావి దగ్గర ఎవరో పైనుంచి పోస్తే దోసిలి పట్టాలి. సినిమాహాలు వచ్చాక వేరే పద్ధతి మొదలైంది. బుకింగ్ కిటికీ కన్నంలో చెయ్యి పెడితే లోపలి మనిషికి కనబడేది ఆ చెయ్యి, అందులోని చిల్లర. టికెట్టు మీద తరగతి రాసి ఉంటుంది గానీ కులం రాసి ఉండదు. శ్రీలంక తమిళ పండితుడు కార్తిగేసు శివతంబి 1981లో తమిళ సినిమా మీద రాసిన పుస్తకంలో ఈ సంగతే పట్టుకున్నాడు. తమిళులందరూ ఒకే కప్పు కింద కూర్చున్న మొదటి ప్రదర్శన స్థలం సినిమాహాలేననీ, అక్కడ చోటును నిర్ణయించింది హోదా కాదు, కొనే శక్తి అనీ ఆయన వాదన. తెలుగు నేలకూ ఇది చాలావరకు వర్తిస్తుంది.

చాలావరకే. ఎందుకంటే కొనే శక్తి ఆకాశంలోంచి ఊడిపడదు. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని హాలును నాలుగు ముక్కలు చేసినప్పుడు, భూమి లేని కూలీకి దక్కేది తెర ముందు నేలే. మెడ పైకెత్తి, బీడీ పొగలో, ఉమ్ముల మధ్య కూర్చుని చూడాలి. పక్కన కూర్చున్నవాడు కూడా కూలీయే, వాడిది వేరే కులం కావచ్చు, అదొక్కటే కొత్త. పైన బాల్కనీలో మాత్రం ఊళ్లో పెత్తనం ఎవరిదో వాళ్లే.

టికెట్టు తరగతి ఎంత అమాయకంగా కనబడినా వివక్షకు ముసుగుగా పనికొస్తుందని చెప్పడానికి కెనడా ఉదాహరణ ఒకటుంది. 1946 నవంబరులో నోవాస్కోషియా రాష్ట్రంలోని న్యూగ్లాస్గో అనే చిన్న ఊళ్లో, వయోలా డెస్మండ్ అనే నల్లజాతి మహిళ రోజ్‌ల్యాండ్ థియేటర్లో కింది సీట్లలో కూర్చుంది. ఆ సీట్లు తెల్లవాళ్లవి. ఆమెను బయటికి ఈడ్చి, జైల్లో పెట్టి, చివరికి మోపిన నేరం ఏమిటంటే ఒక సెంటు వినోదపు పన్ను ఎగ్గొట్టడం! 2010లో ఆ రాష్ట్ర ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2018 నుంచి ఆమె బొమ్మ పది డాలర్ల నోటు మీద ఉంది.

మన దగ్గర చట్టం ముందే మేలుకుంది. రాజ్యాంగం 15(2) అధికరణంలో దుకాణాలు, హోటళ్లతో పాటు ప్రజా వినోద స్థలాల పేరు కూడా ఉంది. 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం (1976 నుంచి దాని పేరు పౌరహక్కుల రక్షణ చట్టం) నాలుగో సెక్షన్ కింద అంటరానితనం పేరుతో దళితుణ్ణి సినిమాహాల్లోకి రానివ్వకపోవడం నేరం. విద్యార్థులు ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

తెర మీది కథ ఇంకో రకం. అంటరానితనం మీద గూడవల్లి రామబ్రహ్మం 1938లో 'మాలపిల్ల' తీశారు. కథ చలానిది. ఆ సినిమాకు అగ్రహారాల బ్రాహ్మణులను ఉచితంగా రమ్మని పిలిచారని సినిమావాళ్లు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు. మాలపల్లి నుంచి వచ్చినవాళ్లను ఉచితంగా పిలిచినట్టు మాత్రం ఎవరూ చెప్పరు.

చోడవరం లాంటి ఊరికి పదూళ్ల జనం వస్తారు కాబట్టి చీకటి హాల్లో ఎవరెవరో తెలియకుండా గడిచిపోతుంది. అందరికీ అందరూ తెలిసిన ఊళ్లో ఆ వెసులుబాటు లేదు. 1991 జులైలో అప్పటి గుంటూరు జిల్లా చుండూరులో జరిగింది చూడండి. సినిమాహాల్లో చదువుకున్న ఒక దళిత యువకుడి కాలు ఒక రెడ్డి యువకుడికి తగిలింది. పక్కపక్కన సీట్లుంటే కాళ్లు తగలక ఏమవుతాయి? తగిలినవాడు మాల కావడం, పైగా చదువుకున్నవాడు కావడం వాళ్లకు మింగుడు పడలేదు. గొడవ హాలు దాటింది. దళితులను పనుల్లోంచి వెలేశారు. ఆగస్టు 6న పొలాల్లో, కాలువ గట్ల మీద వెంటాడి ఎనిమిది మందిని చంపారు. కొన్ని శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. బతికినవాళ్లు తమవాళ్లను ఊళ్లోనే పాతిపెట్టి ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. పోరాడి కోర్టును ఊళ్లోకే తెచ్చుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది.

చుండూరు గురించి రాసేవాళ్లు సినిమాహాలు సంగతిని చిన్న సాకుగా చెప్పి ముందుకెళ్తారు. అది సాకు కాదని మా అభిప్రాయం. టికెట్టు కొని సమానంగా కూర్చోవడమే అక్కడ నేరమైంది. భూమిలో, పంచాయతీలో దొరకని సమానత్వం సీటులో దొరికింది, దాన్నే ముందు కొట్టారు.

ఇప్పుడా సీట్లే పోతున్నాయి. చిన్న ఊళ్ల పాత హాళ్లు ఒక్కొక్కటీ కల్యాణమండపాలో, గోడౌన్లో అవుతున్నాయి. 2021 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం గ్రామ పంచాయతీల్లో ఏసీ లేని హాలుకు కింది తరగతి టికెట్టు 5 రూపాయలని జీవో 35 ఇచ్చింది. ఏడాది తిరక్కుండా, 2022 మార్చిలో, జీవో 13తో అది 20 అయింది. మధ్యలో నడిచిన రభస అంతా నిర్మాతలకూ, హీరోలకూ, మంత్రులకూ మధ్యనే. కూలి డబ్బుల్లోంచి టికెట్టు కొనే మనిషిని ఏ పక్కా పిలిచి అడగలేదు. విశాఖ మల్టీప్లెక్సుకు పోవాలంటే టికెట్టు మీద బస్సు చార్జీ అదనం. ఫోన్లో చూస్తే పక్కన ఎవరూ ఉండరు.

చోడవరం, మాడుగుల, అనకాపల్లి పల్లెల్లో పనిచేసే మిత్రులు ఈ వేసవి సెలవుల్లో పేటల్లో డెబ్భై దాటినవాళ్లను అడగవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటి సినిమా ఎక్కడ చూశారు? ఏ తరగతి? కుర్చీ టికెట్టు మొదటిసారి ఎప్పుడు కొన్నారు, అప్పుడెవరైనా ఏమైనా అన్నారా? ఇంటర్వెల్లో సోడా ఎవరి చేతి నుంచి తీసుకున్నారు? ఆడవాళ్లకు వేరే వరసలుండేవి కదా, ఆ వరసలో పేట ఆడవాళ్లు ఎక్కడ నిలబడేవారు? గేటు దగ్గర టికెట్టు చింపేవాడు, ఆపరేటరు, హాలు ఊడ్చే మనిషి ఎవరి ఇళ్లవాళ్లు? ఊడ్చిన మనిషి పేరు ముందు రాసుకోండి.