విమర్శకుని మెప్పు, ప్రేక్షకుని లెక్క

ఒక చలనచిత్రమును "కళాఖండము" అని పత్రికలు కొనియాడినప్పుడు సామాన్య ప్రేక్షకుడు దాని నెట్లు చదువుకొనును? అది మెప్పని విమర్శకుల నమ్మకము. అతనికి మాత్ర మది హెచ్చరిక. కథ మెల్లగా నడచునని, పిల్లలను తీసికొనిపోరాదని యాతడు గ్రహించును. "సహజముగా నున్నది" యన్నచో పాటలు లేవని, "ఆలోచింపజేయును" అన్నచో తుదకు దుఃఖము తప్పదని యర్థము. ఛాయాగ్రహణమును మాత్రమే శ్లాఘించిరా, తక్కినదంతయు విడువదగినదే! "అవార్డు సినిమా" యను మాట మన యిండ్లలో నే స్వరముతో వెలువడునో పాఠకు లెరుగనిది కాదు.

ఇది పామరుల యజ్ఞానమని త్రోసివేయువారు కలరు. మే మంగీకరింపజాలము. బి. ఎన్. రెడ్డిగారి "బంగారు పాప" 1955లో వచ్చెను. జార్జి ఎలియట్ నవలకు తెలుగు రూపము, పాలగుమ్మి పద్మరాజుగారి సంభాషణలు, ఎస్. వి. రంగారావుగారి నటన. విజ్ఞులు మెచ్చిరి, జాతీయ పురస్కారము లభించెను, ధనము మాత్రము రాలేదు. ఇక కె. విశ్వనాథ్ గారి "శంకరాభరణం" సంగతి చూడుడు. 1980 ఫిబ్రవరిలో విడుదలయినది. పేరొందిన కథానాయకుడు లేడు. కథయంతయు శాస్త్రీయ సంగీతము, ఒక వృద్ధ గాయకుడు. తొలి దినములలో కుర్చీలు ఖాళీగా నుండెను. చూచివచ్చినవారు ఇరుగుపొరుగులకు జెప్పిరి. పిమ్మట జనము విరుగబడెను. కావున మంచి కళయన్న మనవారికి విముఖత లేదు. ఎవరి నోట వినిరన్నదే ప్రశ్న.

పొరుగువాడు తన డబ్బుతో టిక్కెట్టు కొని చూచినవాడు. విమర్శకుడు తరచుగా ఉచితముగా చూచినవాడు. పైగా అతని వ్రాత ప్రక్కనే యా చిత్రపు ప్రకటన యుండుట కలదు. పత్రిక లా ప్రకటనల సొమ్ముతో నడచుచున్నవని ప్రేక్షకునికి తెలియదా? ఇప్పుడు నక్షత్రములు వేయు పద్ధతి వచ్చినది. నేడు వేసిన నక్షత్రములే రేపు గోడప్రకటనపై వెలుగును; తెగడిన వాక్య మెన్నడును గోడ నెక్కదు. కుటుంబముతో పట్టణమునకు వచ్చి, టిక్కెట్లకు, బండికి, తినుబండారములకు కూలిడబ్బు వెచ్చించువాని కా నక్షత్రము లేమి చెప్పును?

చిత్ర మెట్టిది, ఎవరితో చూడదగినది, ఎచ్చట విసుగు పుట్టించును—వీనిని ముందు తెలిపి, ఆపైని తన మెప్పునకు కారణము చెప్పవలెను. మరియొకటి: విమర్శకులు విడుదలయిన మూడవనాడు, ఏదేని చిన్న పట్టణములో, టిక్కెట్టు కొని, రెండవ ఆటకు ముందు వరుసలో కూర్చుండి యొకమారు చూచి వ్రాయుదురుగాక.