వంపుగోడలపై ప్రాకు యంత్రములు

మన యిండ్ల గోడలపై బల్లి తలక్రిందుగా పరుగెత్తుట చూడనివారుండరు. నేలపై నడచు ప్రాణికి తన బరువే సాయము; అది పాదమును నేలకు అదిమి పట్టును. గోడ నెక్కు ప్రాణికి ఆ బరువే శత్రువై క్రిందికి లాగును. కావున గోడపై నడువవలెనన్న రెండు పనులు జరుగవలెను: గోడను గట్టిగా పట్టుకొనవలెను, ముందునకు కదలుటకై ఆ పట్టును విడువవలెను. ఈ చిక్కును విప్పిన యంత్రములు నేడు కలవు. అవి ఇనుప గోడలను, గుండ్రని తొట్లను, గొట్టములను అంటిపట్టుకొని ప్రాకుచు, ఆ ప్రాకుటలోనే తమ పని నెరవేర్చును. వాని నిర్మాణమును, వాని యవసరమును విద్యార్థులకు తెలుపుటకై ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ముందుగా అవసరమెట్టిదో చూతము. అందులకు దూరము పోనక్కరలేదు. ఎఱ్ఱగుంట్లకు చేరువనున్న కలమల్ల పేరు మన విద్యార్థు లెఱిగినదే. సుమారు 575వ సంవత్సరమున రేనాటి చోడుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనము ఈ యూరిదే. తెలుగు శాసనములలో మొదటిదిగా పండితులు దానిని పేర్కొందురు. ఈ కలమల్ల యొద్దనే రాయలసీమ థర్మల్ విద్యుత్కేంద్రము వెలసినది. 1994లో అందు మొదటి యూనిటు పనిచేయ నారంభించెను. 2018లో ఆరవది చేరెను. 210 మెగావాట్ల యూనిట్లు అయిదును, 600 మెగావాట్ల యూనిటు ఒకటియు కలిసి 1,650 మెగావాట్ల శక్తి గలది యా కేంద్రము.

ఇట్టి కేంద్రములలో బొగ్గు మండు బాయిలరు ఎత్తైన మేడవలె నుండును. దాని కొలిమి గోడలు ఇటుకలతో కట్టినవి కావు. వెదురు బొంగులను ప్రక్కప్రక్కన పేర్చి కట్టిన దడివలె, వందలకొలది ఉక్కు గొట్టములను నిలువుగా చేర్చి ఆ గోడలను నిర్మింతురు. గొట్టములలో నీరు కాగి ఆవిరియగును. 210 మెగావాట్ల యూనిటులో ఆ లోపలి ఒత్తిడి చదరపు సెంటీమీటరునకు 150 కిలోగ్రాముల ప్రాంతము. మన దేశపు బొగ్గులో బూడిద పాలు మిక్కుటము. వేడిగాలితో కూడి వేగముగా కొట్టుకొనిపోవు ఆ బూడిద యిసుకకాగితమువలె గొట్టములను అరగదీయును. గొట్టపు మందము సగమైనచో, లోపలి ఒత్తిడి మారకున్నను, ఉక్కు భరింపవలసిన బిగువు రెట్టింపగును. తుదకొకనాడు గొట్టము పగులును. పగులులోనుండి వెడలు ఆవిరి ప్రక్క గొట్టములను సైతము కోయును. ఒక్క గొట్టము చెడినందులకు యూనిటు అంతయు ఆపవలసి వచ్చును.

కావున ఏ గొట్టము ఎచ్చట పలుచబడినదో ముందుగా కనుగొనవలెను. దీనికి పూర్వమునుండి వచ్చు పద్ధతి యిది: బాయిలరు నాపి, చల్లార్చి, కొలిమిలోపల అడుగునుండి సారువ కట్టుదురు. పనివారు దీపములతో దానిపై కెక్కి, కొలత పరికరమును చేతబట్టి, చోటుచోటున గొట్టపు మందమును కొలుతురు. అచ్చట చీకటి, బూడిద, ఉక్క. పైన గడ్డకట్టిన బూడిద పెళ్లలు రాలి పడవచ్చును. కాలు జారినచో ప్రాణమునకే ముప్పు. ఇంత కష్టపడినను వారు కొలువగలిగినవి కొన్ని చోట్లు మాత్రమే. రెండు కొలతల నడుమ దాగిన బలహీనత కంటబడదు.

ఈ పనికి యంత్రమును పంపవలెనన్న అది గోడ నెట్లు పట్టుకొనును? మార్గములు ముఖ్యముగా మూడు. మొదటిది బల్లి మార్గము. బల్లి పాదములందు కంటికి కానరాని సన్నని రోమములు లక్షలకొలది కలవు. అవి గోడకు మిక్కిలి చేరువగుటచే అణువుల నడుమ నుండు ఆకర్షణమే దానిని నిలుపుచున్నదని 2002వ సంవత్సరమున కెల్లార్ ఆటమ్ మొదలగు అమెరికా పరిశోధకులు చూపిరి. బూడిద పట్టిన గోడపై దీని ననుకరించుట కష్టము. రెండవది గాలిని తోడివేయుట. గిన్నెను గోడకు బోర్లించి లోని గాలిని తీసివేసినచో వెలుపలి గాలి దానిని చదరపు సెంటీమీటరునకు ఇంచుమించు ఒక కిలోగ్రాము చొప్పున అదుమును. గాజుపలకపై ఇది చక్కగా సాగును; గరుకు గోడపైనను, గొట్టముల వరుసపైనను సందులలోనుండి గాలి చొరబడి పట్టు తప్పును. మూడవది అయస్కాంతము. గోడ ఉక్కుదగుటచే బాయిలరునకు ఇదియే తగినది.

పట్టు ఎంత కావలెనో లెక్కింతము. యంత్రము 12 కిలోగ్రాములు తూగుననుకొందము. అది జారకుండ నిలుపునది చక్రమునకును గోడకును నడుమ రాపిడి. రాపిడి గుణకము 0.3 అయినచో, అయస్కాంతము 12ను 0.3చే భాగింపగా వచ్చిన 40 కిలోగ్రాముల బలముతోనైన గోడ నదుమవలెను. ఆపదకు వెఱచి నిర్మాతలు ఇంతకు రెట్టింపో, అంతకు మించియో ఉంచుదురు. విద్యుత్తుచే పనిచేయు అయస్కాంతమైనచో తీగ తెగిన క్షణముననే యంత్రము పడిపోవును. కావున శాశ్వతాయస్కాంతములనే చక్రములలో నమర్తురు. చక్రము దొర్లునపుడు ముందు భాగము గోడను పట్టుచుండగా వెనుక భాగము తనంతట విడిపోవును. పట్టుటయు విడుచుటయు ఇట్లు ఒక్క కదలికలోనే కుదిరినవి.

ఇక వంపు సంగతి. చదునైన చక్రము గుండ్రని గొట్టముపై నొక సన్నని గీతవెంట మాత్రమే తాకును. మిగిలిన చోట సందేర్పడును. సందు కొంచెము పెరిగినను అయస్కాంతపు బలము మిక్కిలి తగ్గును. అందుచే గొట్టము నడుమకు సరిపోవునట్లు చక్రపు అంచును పల్లముగా చెక్కుదురు. లేదా ప్రతి చక్రము వంపునకు తగినట్లు ఒరగునటుల కీలులు పెట్టుదురు. యంత్రపు బరువును గోడకు వీలైనంత చేరువగా నుంచుదురు. లేనిచో పై చక్రములు ముందుగా ఊడి యంత్రము వెనుకకు వాలును.

ప్రాకుచు అది చేయు పని యేమి? చెవికి వినరాని సూక్ష్మధ్వనిని ఉక్కులోనికి పంపును. ఆ ధ్వని లోపలి తలమును తాకి తిరిగివచ్చును. ఉక్కులో ధ్వని సెకనుకు సుమారు 5,900 మీటర్లు పోవును. గొట్టపు మందము 6 మిల్లీమీటర్లైనచో, పోయి వచ్చుటకు సెకనులో పదిలక్షవ భాగములు రెండు పట్టును. అంతకు ముందే ధ్వని తిరిగి వచ్చెనా, గొట్టము అరిగినదన్న మాట. యంత్రము అడుగడుగున నిట్లు కొలుచుచు పోవుటచే గోడకంతకును ఒక పటము సిద్ధమగును. అమెరికాలో పిట్స్‌బర్గ్ నగరమున 2013లో వెలసిన గెకో రోబోటిక్స్ సంస్థ బాయిలరు గోడల పరీక్షకు ఇట్టి యంత్రములతోడనే ఆరంభించెను. గెకో యనగా బల్లియే. ఓడల పొట్టలను, నూనె నిలువజేయు తొట్లను, వంటగ్యాసు నుంచు ఉక్కుగోళములను పరీక్షించుటకు, శుభ్రపరచుటకు, వెల్డింగు చేయుటకు సైతము ఈ జాతి యంత్రములు వాడుకలోనికి వచ్చినవి.

అయినను వీనికిని హద్దులు కలవు. బూడిద మందముగా పేరుకొన్నచోట పట్టు సడలును. మిక్కిలి వేడి నోర్చుటకై బాయిలరులో కొన్ని గొట్టములను అయస్కాంతమున కంటుకొనని ఉక్కుతో చేయుదురు. వానిపై నీ యంత్రము నిలువజాలదు. పలుచబడిన గొట్టమును కోసి క్రొత్తదానిని అతుకుట నేటికిని ఎక్కువగా మనుష్యుని చేతిపనియే.

యంత్రము వచ్చిన పనివాని కూడు పోవునా యని తల్లిదండ్రులు కొందఱు శంకింపవచ్చును. ఆ శంక త్రోసిపుచ్చదగినది కాదు. సారువపై ప్రాణమొడ్డి నిలుచుట తప్పిపోవుట మేలే. కాని ఆ గొట్టముల తీరు, అవి ముందుగా అరుగు చోట్లు ఏండ్లకొలది ఎక్కి దిగిన పనివానికి తెలిసినంతగా మఱియొకరికి తెలియవు. అతనికే యంత్రమును నడుపుటయు, పటమును చదువుటయు నేర్పినచో అతని యనుభవము వృథ కాదు, ప్రాణమునకును భద్రము. నేర్పనిచో యంత్రము కొలత చెప్పును గాని, ఆ కొలత కర్థము చెప్పువాడు కఱవగును. ఈ వ్యాసములో మేము వాడిన రాపిడి, ధ్వనివేగము, భాగహారము మన తరగతి పుస్తకములలోనివే. కలమల్ల చుట్టుప్రక్కల గ్రామముల పిల్లలు వీనిని శ్రద్ధగా నేర్చినచో, ఆ పటమును చదువువారు రేపు మనలోనుండియే బయలుదేరుదురు.