వల్లెవేయడం కాదు, అప్పజెప్పడమే చదువు: కళాశాల విద్యార్థులకు స్మృతి పరిశోధనలు చెబుతున్నదేమిటి?

పుదుచ్చేరి: సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడగానే పాఠాన్ని మూడు నాలుగు సార్లు తిరగేయడం, ముఖ్యమనుకున్న వాక్యాలపై రంగు గీతలు గీయడం, తెల్లవారుజాము వరకు మేల్కొని నోట్సు వల్లెవేయడం కళాశాల విద్యార్థుల్లో చాలామందికి అలవాటు. ఆ పరీక్ష ఎలాగో గట్టెక్కుతుంది. తర్వాతి సెమిస్టర్‌లో అదే విషయానికి కొనసాగింపు మొదలైనప్పుడు మాత్రం పాత పాఠం ఎన్నడూ చదవనట్టే తోస్తుంది. ఇందుకు కారణం తెలివితేటల కొరత కాదని, చదివే పద్ధతిలోనే ఉందని స్మృతిపై జరిగిన పరిశోధనలు సూచిస్తున్నాయి.

విద్యానగరంగా పేరున్న పుదుచ్చేరిలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రాధాన్యం ఉంది. 1985లో ఏర్పడిన పుదుచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధ కళాశాలలు పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం ప్రాంతాలన్నిటిలోనూ ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుంచీ, గోదావరి తీరాన ఉన్న తెలుగు ప్రాంతమైన యానాం నుంచీ విద్యార్థులు ఉన్నత చదువుల కోసం ఈ పట్టణానికి వస్తుంటారు. ఇంటర్మీడియట్ దాకా రోజువారీ పరీక్షలు, గంటల తరబడి స్టడీ అవర్లు, పక్కన నిలబడి చదివించే అధ్యాపకులకు అలవాటుపడిన విద్యార్థికి కళాశాలలో ఆ పర్యవేక్షణ ఉండదు. ఎలా చదవాలో తానే నిర్ణయించుకోవలసి వస్తుంది. ఆ నిర్ణయానికి కావలసిన అవగాహన మాత్రం అంతవరకు ఎవరూ ఇచ్చి ఉండరు.

మరపు ఎంత వేగంగా వస్తుంది?

జ్ఞాపకశక్తిని తొలిసారి ప్రయోగాత్మకంగా కొలిచినవాడు జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్. అర్థం లేని అక్షర సముదాయాలను తానే కంఠస్థం చేసి, ఎంతకాలానికి ఎంత మరచిపోతున్నాడో లెక్కకట్టి 1885లో ఫలితాలు ప్రకటించాడు. నేర్చిన తొలి గంటలోనే మరపు అత్యంత వేగంగా సాగుతుందని, ఆ తర్వాత క్రమంగా నెమ్మదిస్తుందని ఆయన గమనించాడు. ఒకే విడతలో చేసిన పునశ్చరణ కన్నా రోజుల మీద పరచి చేసిన పునశ్చరణ ఎక్కువ ఫలితమిస్తుందని కూడా ఆయన అప్పుడే చెప్పాడు.

మరపును ఆపే మార్గం మళ్లీ మళ్లీ చదవడమేనా అన్న ప్రశ్నకు స్పష్టమైన సమాధానం 2006లో వచ్చింది. అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ విద్యార్థులతో ఒక ప్రయోగం చేశారు. ఒక వ్యాసభాగాన్ని కొందరు రెండుసార్లు చదివారు. మరికొందరు ఒకసారి చదివి, రెండో విడతలో పాఠం చూడకుండా గుర్తున్నదంతా కాగితంపై రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారికి 81 శాతం, రాసినవారికి 75 శాతం విషయం గుర్తుంది. వారం తర్వాత ఫలితం తలకిందులైంది. రెండుసార్లు చదివినవారికి 42 శాతమే మిగలగా, జ్ఞాపకం తెచ్చుకుని రాసినవారికి 56 శాతం నిలిచింది.

పరీక్ష ముందు రాత్రి చదువు ఎందుకు పోవడం లేదో ఈ అంకెలే చెబుతున్నాయి. తెల్లవారితే పరీక్ష అన్నప్పుడు తిరగేయడం నిజంగానే పనిచేస్తున్నట్టు కనిపిస్తుంది. దాని నష్టం మార్కుల జాబితాలో కనబడదు. పై తరగతిలో, ఉద్యోగపు ఇంటర్వ్యూలో, పోటీ పరీక్షలో అది బయటపడుతుంది. అప్పటికి ఆ నష్టానికి అసలు కారణం ఆ రాత్రి చదువేనని విద్యార్థి గుర్తించడు.

తెలిసినట్టు అనిపించడం వేరు, తెలియడం వేరు

అదే విశ్వవిద్యాలయంలో 177 మంది విద్యార్థులను వారి చదువు పద్ధతుల గురించి అడిగినప్పుడు, నోట్సు లేదా పుస్తకం మళ్లీ చదువుతామని దాదాపు 84 శాతం మంది చెప్పారు. చూడకుండా గుర్తు చేసుకునే ప్రయత్నం చేస్తామన్నవారు సుమారు 11 శాతమే. 2009లో వెలువడిన ఈ పరిశీలన ఒక భ్రమను ఎత్తి చూపుతుంది. రెండోసారి చదివేటప్పుడు వాక్యాలు సాఫీగా సాగిపోతాయి. ఆ పరిచయాన్నే మనసు జ్ఞానంగా పొరబడుతుంది. వీధిలో ఎదురైన మనిషి ముఖం గుర్తుపట్టినంత మాత్రాన పేరు నోటికి రాదు. పరీక్ష అడిగేది ఆ పేరునే.

2013లో జాన్ డన్‌లాస్కీ, ఆయన సహ పరిశోధకులు పది అధ్యయన పద్ధతులను తులనాత్మకంగా పరిశీలించారు. తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద పరచడం అనే రెండు పద్ధతులకే అత్యధిక ప్రయోజనం ఉందని తేల్చారు. రంగు గీతలు గీయడం, మళ్లీ చదవడం తక్కువ ప్రయోజనం గల జాబితాలో చేరాయి. విద్యార్థులు అత్యధికంగా నమ్ముకున్నవి ఈ రెండే కావడం గమనార్హం.

తెలుగు బడికి కొత్త కాదు

ఈ పరిశోధనల సారం తెలుగు విద్యా సంప్రదాయానికి పూర్తిగా అపరిచితం కాదు. పాత వీధి బడుల్లో రెండు పనులు ఉండేవి. వల్లెవేయడం మొదటిది. పుస్తకం మూసి గురువు ఎదుట పాఠం అప్పజెప్పడం రెండోది. కాలక్రమంలో కంఠస్థ విద్యపై వచ్చిన విమర్శతో రెండూ ఒకే గాటన కట్టబడి చిన్నచూపుకు గురయ్యాయి. నేటి పరిశోధన ఈ రెంటినీ విడదీసి చూడమంటోంది. వల్లెవేయడంలో పాఠం కళ్ల ముందే, నాలుక మీదే ఉంటుంది. అప్పజెప్పడంలో దాన్ని లోపలి నుంచి వెలికి తీయాలి. జ్ఞాపకాన్ని బలపరిచేది ఆ వెలికితీత ప్రయాసే.

అష్టావధానంలోనూ ఈ సూత్రపు ఛాయ కనిపిస్తుంది. అవధాని ఒక పృచ్ఛకుడి పద్యాన్ని ఏకబిగిన పూర్తిచేయడు. ఒక్కొక్కరికి ఒక్కో పాదం చెబుతూ ఆవృత్తి తర్వాత ఆవృత్తి సాగిస్తాడు. నడుమ అప్రస్తుత ప్రసంగం ఏకాగ్రతను చెదరగొడుతూనే ఉంటుంది. ప్రతి ఆవృత్తిలో వెనకటి పాదాన్ని గుర్తుకు తెచ్చుకోక తప్పదు. చివరికి పద్యాలన్నిటినీ ధారణ చేస్తాడు. ఎడమిచ్చి, కలగలిపి, చూడకుండా గుర్తుచేసుకోవడమనే మూడు అంశాలూ అందులో ఉన్నాయి.

పట్టాలు లేని విద్యాలయం

స్వయంగా నేర్చుకోవడమే విద్య అన్న ఆలోచనకు పుదుచ్చేరి పట్టణంలోనే ఒక నిదర్శనం ఉంది. శ్రీ అరవిందులు బరోడా కళాశాలలో అధ్యాపకుడిగా ఉన్నప్పుడు, విద్యార్థులు తన ఉపన్యాసాన్ని అక్షరం పొల్లుపోకుండా రాసుకుని బట్టీపట్టడం చూసి ఆశ్చర్యపోయినట్టు తర్వాతి కాలంలో సంభాషణల్లో గుర్తుచేసుకున్నారు. 1910లో పుదుచ్చేరికి రాకముందే జాతీయ విద్యపై రాసిన వ్యాసాల్లో, గురువు సమాచారాన్ని నింపేవాడు కాదని, విద్యార్థి తానే నేర్చుకునేందుకు తోడ్పడేవాడని ప్రతిపాదించారు.

ఆశ్రమంలో 1943లో మొదలైన పాఠశాల 1952లో విశ్వవిద్యాలయ కేంద్రంగా విస్తరించి, 1959 నుంచి శ్రీ అరవింద అంతర్జాతీయ విద్యాకేంద్రంగా కొనసాగుతోంది. అక్కడ చదువు పూర్తిచేసినవారికి డిగ్రీ పట్టాలు ఇవ్వరు. విద్యార్థి తన వేగానికి తగినట్టు సాగే పద్ధతిని అక్కడ స్వేచ్ఛా ప్రగతి అంటారు. పట్టా లేనిదే ఉద్యోగం దొరకని కుటుంబాల పిల్లలకు ఈ నమూనా యథాతథంగా సరిపోదు. అయితే పరీక్షను తీర్పుగా కాక, ఎక్కడ తెలియదో తెలుసుకునే సాధనంగా వాడుకోవడం ఏ విద్యార్థికైనా సాధ్యమే.

ఆచరణలో ఎలా?

తరగతి ముగిసిన రోజు సాయంత్రమే నోట్సు తెరవకుండా తెల్లకాగితంపై ఆనాటి పాఠంలో గుర్తున్నది రాయాలి. ఆ తర్వాతే నోట్సుతో సరిచూసుకుని, తప్పిన అంశాలను మాత్రమే చదవాలి. ఈ సరిచూసుకోవడాన్ని వదిలేస్తే తప్పే స్థిరపడే ప్రమాదం ఉంది. రెండు మూడు రోజుల తర్వాత, వారం తర్వాత, నెల తర్వాత ఇదే పని మళ్లీ చేయాలి. ఎంత ఎక్కువ కాలం గుర్తుండాలనుకుంటే పునశ్చరణల మధ్య ఎడం అంత పెంచాలి.

గణితం వంటి విషయాల్లో ఒకే రకం లెక్కలను వరుసగా చేయడం కన్నా రకరకాల లెక్కలను కలిపి చేయడం మేలు. డౌగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో, అభ్యాసం జరుగుతున్నప్పుడు వరుసగా చేసినవారే ముందున్నారు. వారం తర్వాత పరీక్షలో మాత్రం కలిపి చేసినవారు 63 శాతం, వరుసగా చేసినవారు 20 శాతం సాధించారు. ఏ లెక్కకు ఏ సూత్రం వర్తిస్తుందో ఎంచుకోవడం కూడా నేర్చుకోవలసిన విద్యే. వరుస అభ్యాసంలో ఆ ఎంపికకు అవకాశమే ఉండదు.

తెలుగు మాధ్యమం నుంచి ఇంగ్లిష్ మాధ్యమానికి మారిన విద్యార్థికి మరొక అంచె అవసరం. ఇంగ్లిష్ వాక్యం నోటికి వచ్చినా భావం అందకపోవచ్చు. పాఠాన్ని పక్క విద్యార్థికి తెలుగులో వివరించి, ‘ఎందుకు’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పగలిగిన తర్వాత ఇంగ్లిష్‌లో రాయడం మంచిది. వివరణ ఆగిపోయిన చోటే తిరిగి చదవవలసిన చోటు.

ఈ పద్ధతులన్నిటికీ ఒక ఇబ్బంది ఉంది. ఇవి సుఖంగా ఉండవు. ఖాళీ కాగితం ముందు తడబడినప్పుడు చదివింది వృథా అయిందనిపిస్తుంది. హార్వర్డ్ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర తరగతులపై 2019లో వెలువడిన అధ్యయనంలోనూ, తామే సమస్యలు సాధిస్తూ నేర్చుకున్న విద్యార్థులు పరీక్షలో మెరుగ్గా రాణించినా, చక్కని ఉపన్యాసం విన్నప్పుడే తాము ఎక్కువ నేర్చుకున్నామని భావించారు. ఈ తడబాటును ఓటమిగా ఎంచి పాత అలవాటుకు మరలిపోయే విద్యార్థులే ఎక్కువ. కొత్త సెమిస్టర్ తొలి వారంలోనే, మార్కుల ఒత్తిడి లేనప్పుడు ఒక్క విషయంతో ఈ అభ్యాసాన్ని ప్రారంభిస్తే ఆ తడబాటుకు అలవాటుపడే వ్యవధి దొరుకుతుంది.