కంప్యూటరు: కొనుటయా? కూర్చుకొనుటయా?

2020 మార్చిలో దేశమంతటా లాక్‌డౌన్ విధింపబడిన నాటినుండి ఇల్లే కార్యాలయముగా మారిన కుటుంబాలు అనేకం కలవు. ఒకరు ఇంట కూర్చుండి టాలీలో వర్తకుల పద్దులు వ్రాయుచున్నారు. మరొకరు ఉర్దూ, తెలుగు పుస్తకాలకు పుటలు కూర్చుచున్నారు. ఇట్టివారికి డెస్క్‌టాప్ కంప్యూటరు వినోద సాధనం కాదు, జీవనాధారం. అది ఒక దినం ఆగినచో ఆ దినపు సంపాదన ఆగినట్లే. కనుక సిద్ధంగా దొరికే యంత్రాన్ని కొనుటయా, విడిభాగాలు తెచ్చి స్వయంగా కూర్చుకొనుటయా అన్నది కేవలం అభిరుచికి సంబంధించిన ప్రశ్న కాదు.

రెండవ మార్గం అసలు ఎట్లు సాధ్యమైనది? 1981లో ఐ.బి.యం. సంస్థ తన వ్యక్తిగత కంప్యూటరును చాలవరకు ఇతరుల భాగాలతోనే నిర్మించి, దాని సాంకేతిక వివరాలను ప్రచురించింది. దానితో అనేకులు అందుకు సరిపోయే భాగాలను తయారుచేయసాగారు. 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అను కొలతల ప్రమాణాన్ని వెలువరించింది. మదర్‌బోర్డుకు మరలు ఎక్కడ బిగించవలెనో, పవర్ సప్లై ఎట్లుండవలెనో నిర్ణయమైనందున ఒకరి పెట్టెలో మరొకరి బోర్డు ఇముడుచున్నది. సికింద్రాబాదు పార్క్‌లేన్‌లోని చినాయ్ ట్రేడ్ సెంటరులో విడిభాగాల వ్యాపారం వర్ధిల్లుటకు మూలమిదే.

సిద్ధయంత్రాలన్నీ ఈ ప్రమాణాన్ని పాటించవు. పెద్ద సంస్థలు చేసే చిన్న పెట్టెలలో బోర్డు, పవర్ సప్లై ఆ సంస్థ సొంత కొలతలలోనే వుండుట కద్దు. పూచీ గడువు తీరిన పిదప పవర్ సప్లై కాలిపోతే బజారులోని మామూలుది అందులో అమరదు. ఈ విషయం ముందే అడిగి తెలుసుకొనుటకు మొహమాటపడరాదు.

అయితే సిద్ధయంత్రానికి ఒక గొప్ప గుణం కలదు. పూచీ మొత్తం యంత్రానికి ఒక్కటే. కొన్నింటికి మెకానిక్కు ఇంటికే వచ్చి బాగుచేస్తాడు. స్వయంగా కూర్చినదానికి భాగానికొక పూచీ: ప్రాసెసరుకు సాధారణంగా మూడేండ్లు, మంచి పవర్ సప్లైకి అయిదేండ్లు లేక అంతకు మించి. గడువు చూచినచో ఇదే మేలనిపించును. కాని యంత్రం మొరాయించిన ఉదయాన దోషం ర్యాములో వున్నదా, బోర్డులో వున్నదా అని కనుగొనవలసినవాడు యజమానే. ఆ భాగాన్ని సేవాకేంద్రానికిచ్చి, మారుభాగం వచ్చువరకు వేచియుండవలె. గడువు తేదీలకు లోబడి పనిచేయువారు పూచీపత్రంలోని సంవత్సరాలకంటె ఈ నిరీక్షణనే ఎక్కువగా లెక్కింపవలెనని నా అభిప్రాయం.

కూర్చుకొంటే చౌక అను మాట కూడ ఎల్లప్పుడు నిజం కాదు. 2021లో గ్రాఫిక్స్ కార్డుల ధరలు ఆకాశాన్నంటినప్పుడు, కార్డు కోసమే సిద్ధయంత్రం కొన్నవారున్నారు. 2025 చివరి నెలలలో ర్యాము ధరలు బాగా పెరిగాయి. సిద్ధయంత్రంతో తరచుగా విండోస్ లైసెన్సు కలిసి వచ్చును. కూర్చుకొన్నదానికి వేరుగా కొనవలెను. ఆ ఖర్చు తప్పించుటకు ఉచితమైన లినక్స్ మంచిదే. అయితే ఉర్దూ పుటలు కూర్చే ఇన్‌పేజ్, తెలుగు అచ్చుపనిలో వాడే అను స్క్రిప్ట్ విండోస్ కొరకు చేయబడినవని మరువరాదు. విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 వుండవలెను. పాత భాగాలు చౌకగా దొరికినవని సంతోషించుటకు ముందు ఇది చూడవలె.

పద్దులు, ఉత్తరాలు, పుటల కూర్పు వంటి పనులకు ప్రత్యేకమైన గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. ప్రాసెసరులో ఇమిడియున్నదే చాలును. కాని ఇంటెల్ ప్రాసెసరు పేరు చివర ఎఫ్ అక్షరమున్నచో అందులో అది వుండదు. కొంచెం చౌకని దానిని తెచ్చి, తెరపై బొమ్మ రాక మరల బజారుకు పరుగెత్తుట వృథాశ్రమ. పొదుపు చేయరానిది పవర్ సప్లై విషయంలో. కరెంటు పోయిన క్షణాన వ్రాసినదంతా పోకుండ యు.పి.ఎస్. ఏ మార్గంలోనైనను తప్పదు.

మధ్యేమార్గమొకటి కలదు. భాగాలను మనమే ఎంచి, కూర్పును దుకాణదారునికే అప్పగించుట. అట్టి సందర్భంలో ఒకే మొత్తం వ్రాసిన చీటీని అంగీకరింపరాదు. ప్రతి భాగం పేరు, వరుస సంఖ్య, ధర వేరువేరుగా బిల్లులో వ్రాయించుకొని, ఖాళీ పెట్టెలను పూచీ గడువు ముగియువరకు అటకపై భద్రపరచవలెను.