బండల సీమలో మేళం

హైదరాబాదు నగరంలోని బంజారా హిల్సు, జూబ్లీ హిల్సు నేడు సంపన్నుల నివాసాలకూ, చలనచిత్ర కార్యాలయాలకూ పేరుమోసినవి. కాని ఆ సీమకు అసలు యజమానులు బండలు. సుమారు 250 కోట్ల సంవత్సరాల వయస్సుగల ఆ గ్రానైటు రాళ్లు ప్రహరీగోడల నడుమనుంచి ఇంకా తొంగి చూస్తూనే ఉన్నవి. సాయంకాలం వేళ ఆ బండల మధ్య గిటారు తంత్రులు మ్రోగి, డ్రమ్ముల మోత వినవస్తే, ఇదేమి పిచ్చి అని పెద్దలు ముక్కున వేలు వేసుకోవడం కద్దు. ఆంగ్లంలో 'రాక్' అంటే బండ గనుక ఆ సంగీతానికి ఆ పేరు తగినదేనని వేళాకోళం చేసేవారూ లేకపోలేదు. నిజానికి ఆ పేరులోని 'రాక్' రాయి కాదు, ఊపు. 1950 ప్రాంతాల అమెరికాలో, నల్లజాతివారి బ్లూస్ గానంనుంచి పుట్టి పెరిగిన పాట అది.

పేరు పరదేశానిదైనా పద్ధతి మనకు కొత్తది కాదు. బ్యాండు అన్నా, మేళం అన్నా ఒక్కటే. మేళనమంటే కూడిక. నాదస్వరం, డోలు, శ్రుతి, తాళం కూడితేనే గదా పెండ్లిపందిరి నిండేది! 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు తన 'సంగీత రత్నాకరం'లో బృందాలను ఉత్తమ, మధ్యమ, కనిష్ఠములని విభజించినాడు. ఉత్తమ బృందానికి నలుగురు ముఖ్యగాయకులు, ఎనమండుగురు సహగాయకులు, పన్నిద్దరు గాయనులు, నలుగురు వేణువాదకులు, నలుగురు మార్దంగికులు కావాలన్నాడు. అంతటితో ఆగక, మంచి బృందానికి ఆరు గుణాలు చెప్పినాడు. ముఖ్యుని అనుసరించడం, నాదాలు ఒకదానితో ఒకటి కలిసిపోవడం అందులోనివే. వాటితోపాటు, ఒకరి పాట తెగినచోట మరొకరు అందుకొని ఆ లోపాన్ని కప్పివేయడం కూడ ఒక గుణమన్నాడు. మేళం ప్రాణమంతా ఈ ఒక్క గుణంలో ఉన్నదనవచ్చు.

ఇటువంటి మేళనాన్ని ఆజన్మాంతం ప్రేమించినవారికి తెలుగునాట గొప్ప ఉదాహరణ శ్రీపతి పండితారాధ్యుల బాలసుబ్రహ్మణ్యం. ఆయన 1946 జూన్ 4న జన్మించినారు. తండ్రి సాంబమూర్తి హరికథకులు. హరికథలో తప్పు దిద్దుకొనేందుకు రెండవ అవకాశం ఉండదు. పాడినది అప్పటికప్పుడు సభలో నిలువవలసిందే. ఆ ఇంటి గాలిలోనే ఆయనకు హార్మోనియం, వేణువు పట్టుబడినవి. తరువాత మద్రాసులో ఆయన నడిపిన పాటల బృందంలో అనిరుద్ధ హార్మోనియం, ఇళయరాజా గిటారు వాయించేవారు. ఇళయరాజా అన్న భాస్కర్ తాళవాద్యాలు, తమ్ముడు గంగై అమరన్ గిటారు పట్టేవారు. తరువాతి కాలంలో ఇళయరాజా గిటారు విడిచి హార్మోనియం ముందు కూర్చున్నారు. సంగీత దర్శకుడుగా ఆయన పేరు వెండితెరమీద కనబడినది 1976లో. అంతవరకు ఆయనకు ఇటువంటి మేళాలే పాఠశాలలు.

ఈ సందర్భంలో 1966వ సంవత్సరం గమనింపదగినది. ఆ ఏడు ఆగస్టు 29న ఇంగ్లండుకు చెందిన బీటిల్స్ బృందం శాన్‌ఫ్రాన్సిస్కోలో తమ కడపటి యాత్రలోని కడపటి కచేరీ చేసినది. శ్రోతల కేకల హోరులో ఒకరి వాద్యం మరొకరికి వినబడని స్థితి ఏర్పడినది. వినబడనిచోట మేళమెక్కడ? వారు వేదిక విడిచి రికార్డింగు గదికి పరిమితమైనారు. మరల ఆ నలుగురు బహిరంగంగా కలిసి వాయించినది 1969 జనవరి 30న, లండనులో ఒక మేడమీద. అదే ఆఖరు. అదే 1966లో డిసెంబరు 15న బాలసుబ్రహ్మణ్యం కోదండపాణి దర్శకత్వంలో తన తొలి సినిమాపాట పాడినారు. రికార్డింగు గది ఆయనకు ఎన్నో భాషల ద్వారాలు తెరచినది. అయినా ఆయన వేదికను విడువలేదు. 1996లో ఆరంభమైన 'పాడుతా తీయగా' కార్యక్రమంలో చిన్నారులను సైతం వాద్యబృందం సరసన నిలబెట్టి పాడించినారు. 2020 సెప్టెంబరు 25న కన్నుమూసేవరకు వేదికతో ఆయన బంధం తెగలేదు.

ఘంటసాల తొలినాళ్లలో గాయకుడూ వాద్యకారులూ ఒక్క గదిలో, ఒక్కసారిగా పాటను పూర్తి చేసేవారు. ఎవరు తప్పినా పాట మొదటికి వచ్చేది. తరువాత ట్రాకులు వచ్చినవి, ఆపైన కంప్యూటరు వచ్చినది. నేడు వేణువు ఒకనాడు, వయొలిను వేరొకనాడు, గానం మరొక ఊరిలో రికార్డు కావచ్చును. శ్రుతి తప్పిన స్వరాన్ని యంత్రమే సవరించగలదు. దీనివల్ల మేలు లేదనరాదు. పల్లెలోని కుర్రవాడు సైతం ఇంట కూర్చుండి పాట కూర్చుకొనగలుగుతున్నాడు. కాని పదిమంది వాయించవలసినచోట ఒక కీబోర్డు చాలినప్పుడు తొమ్మిదిమంది బ్రతుకుతెరువు పోతుంది. దానితోపాటు, పక్కవాని తప్పును తన భుజాన వేసుకొనే ఆ పాత విద్యకూ పని లేకుండా పోతుంది.

అన్నపూర్ణ, రామానాయుడు స్టూడియోలు గల ఈ కొండలమీదనే, పాట ముక్కలుముక్కలుగా తయారయ్యే ఈ సీమలోనే, మేళం తిరిగి చిగురించడం వింత. 2010లో బంజారా హిల్సులో ఒక పాత ఇంటిని లామకాన్ అనే పేర సాంస్కృతిక వేదికగా తెరచినారు. నాటకాలతో, కవిగోష్ఠులతో పాటు సంగీత కచేరీలకూ అక్కడ చోటు దొరికినది. ఇటువంటి చోట్ల వాయించే యువకులలో పగలు ఉద్యోగాలు చేసుకొనేవారు అనేకులు. వచ్చేది స్వల్పం, అయ్యే ఖర్చు అధికం. అయినా శనివారం వస్తే గిటారు భుజాన వేసుకొని బయలుదేరుతారు. ఎందుకు?

పాట నడుమ గిటారు తీగ ఒకటి తెగిందనుకొందాం. వాయించేవాడు తెల్లబోతాడు. డ్రమ్ములవాడు అది గమనించి నడకను మరి నాలుగు ఆవర్తాలు పొడిగిస్తాడు. కీబోర్డువాడు ఆ ఖాళీని నింపుతాడు. గాయకుడు పల్లవిని సభచేత పాడిస్తాడు. ఈలోగా తీగ తెగినవాడు మిగిలిన తీగలమీద తన స్వరాలు వెతుక్కొని వచ్చి చేరుతాడు. శ్రోతలకు జరిగినది తెలియనే తెలియదు. ఆ నలుగురికి మాత్రం అది జీవితాంతం మరపురాదు. శార్ఙ్గదేవుడు చెప్పిన గుణం ఇదే గదా! దీని రుచి మరిగినవాడు ఏబదియేండ్లు వచ్చినా వేదికను వదలలేకపోవడంలో ఆశ్చర్యమేమున్నది?

మన పాఠశాలలలో హార్మోనియం బీరువాపైన దుమ్ము పట్టి ఉండడం, ప్రార్థనగీతం సెల్‌ఫోనునుంచి వినిపించడం పలుచోట్ల కనబడే దృశ్యం. ఆ ఫోనులోని పాట తప్పు పోదు, నిజమే. కాని దానితో పాడే పిల్లవానికి పక్కవాని గొంతు వినవలసిన అగత్యమూ ఉండదు. ఆ హార్మోనియాన్ని దించి, ఒక డప్పు, రెండు జతల తాళాలు, తరగతిలో గిటారు నేర్చే పిల్లవాడుంటే అతని గిటారు చేర్చి, పదిమందిని నిలబెడితే చాలు. మొదటివారం అపశ్రుతులే వినబడవచ్చు. ఒకడు తడబడినచోట వేరొకడు అడుగకుండానే అందుకొన్న రోజున, ఆ పాఠశాలలో మేళం పుట్టినట్లు.