మాల్ట్ సారంతో ఇంటి అంబర్ ఏల్: రూపకల్పన, తయారీ, ధాన్య నాణ్యత పాఠాలు

అంబర్ ఏల్ అమెరికా పశ్చిమ తీర రాష్ట్రాల చిన్న బ్రూవరీలలో 1980ల దశకంలో రూపుదిద్దుకొన్న బీరు రకం. తేనె రంగుకు, రాగి రంగుకు నడుమనుండే దాని వన్నె వల్లనే ఆ పేరు వచ్చింది. ఆ దేశంలో ఇంటి బీరు తయారీకి సమాఖ్య ప్రభుత్వం 1978లో చట్టబద్ధత కల్పించింది. ఇద్దరు లేదా అంతకు మించి వయోజనులున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్లు (సుమారు 757 లీటర్లు), ఒక్కరే ఉన్న ఇంటికి 100 గ్యాలన్లు పన్ను లేకుండా తయారు చేసుకొనవచ్చును. అలబామా, మిసిసిపీ రాష్ట్రాలు మాత్రం 2013లో గాని ఇందుకు అంగీకరించలేదు. తెలుగు రాష్ట్రాలలో అబ్కారీ చట్టం ప్రకారం లైసెన్సు లేని తయారీ నేరం. అయినను గింజలోని మాంసకృత్తుల శాతం గ్లాసులోని రంగును, రుచిని ఎట్లు నిర్ణయిస్తుందో తెలుసుకొనుటకు ఇంతకన్న చక్కని ఉదాహరణ వ్యవసాయ విద్యార్థికి అరుదు.

మాల్ట్ సారం అంటే ఏమి?

బార్లీ గింజను నానబెట్టి, తేమ 42–46 శాతానికి చేరిన తరువాత మొలకెత్తించి, వేడిగాలితో ఆరబెట్టిన ధాన్యమే మాల్ట్. మొలకెత్తే దశలో ఏర్పడిన అమైలేజ్ ఎంజైములు, పొడి చేసిన మాల్ట్‌ను సుమారు 65 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో ఉంచినపుడు పిండిపదార్థాన్ని చక్కెరలుగా విడగొడతాయి. ఈ తియ్యని ద్రవమే వోర్ట్. దీనిని శూన్యపీడనంలో చిక్కబరిస్తే సుమారు 80 శాతం ఘనపదార్థాలు గల పాకం, పూర్తిగా ఆరబెడితే పొడి సారం లభిస్తాయి.

సారం వాడే ఇంటి తయారీదారుకు శ్రమ, పరికరాలు తగ్గుతాయి. అయితే పులిసే చక్కెరలకు, పులియని డెక్స్‌ట్రిన్లకు మధ్య నిష్పత్తి కర్మాగారంలోనే ఖరారైపోతుంది. కాబట్టి అతని చేతిలో మిగిలేవి చిక్కదనం, రంగు, చేదు, ఈస్టు నిర్వహణ అనే నాలుగు అంశాలే.

పాకానికి మరొక లోపం ఉంది. నిల్వలో అమైనో ఆమ్లాలు, చక్కెరల మధ్య మెయిలార్డ్ చర్య సాగి అది క్రమంగా నల్లబడుతుంది, పాతవాసన వేస్తుంది. 'అంబర్ సారం' పేరుతో అమ్మే దానిలో ఏ మాల్ట్‌లు ఏ పాళ్ళలో ఉన్నవో తరచు తెలియదు. అందువల్ల లేతరంగు పొడి సారాన్ని పునాదిగా తీసుకొని, రంగును క్రిస్టల్ మాల్ట్‌తో విడిగా సమకూర్చుకొనుట శాస్త్రీయమైన పద్ధతి. క్రిస్టల్ మాల్ట్‌ను తడి మొలకల దశలోనే 60–70 డిగ్రీల వద్ద ఉడకనిచ్చి, పిదప వేయిస్తారు. పొట్టులోపలే పిండి చక్కెరగా మారి ఉండుటచే దీనిని వేడినీటిలో నానబెడితే చాలు.

రూపకల్పన: మూడు లెక్కలు

పోటీల ప్రమాణాల ప్రకారం అమెరికన్ అంబర్ ఏల్ ఆరంభ సాంద్రత 1.045–1.060, చేదు 25–40 యూనిట్లు, రంగు 10–17 ప్రమాణాలు ఉండాలి. 19 లీటర్లకు తగిన పాళ్ళు ఇవి:

లేతరంగు పొడి మాల్ట్ సారం: 2.5 కిలోలు
క్రిస్టల్ మాల్ట్ (60 లోవిబాండ్): 450 గ్రాములు
కాస్కేడ్ హాప్స్ (ఆల్ఫా ఆమ్లాలు 5.5 శాతం): 60 నిమిషాలకు 40 గ్రాములు, చివరి 10 నిమిషాలకు 28 గ్రాములు
ఏల్ ఈస్టు పొడి: 11 గ్రాములు

సాంద్రత: కిలో పొడి సారం లీటరు పరిమాణంలో సుమారు 365 పాయింట్లు ఇస్తుంది. నానబెట్టిన క్రిస్టల్ మాల్ట్ నుండి సుమారు 150 వస్తాయి. మొత్తం 980 పాయింట్లను 19తో భాగిస్తే 52 వస్తుంది, అనగా ఆరంభ సాంద్రత 1.052. ఈస్టు అందులో 75 శాతం వినియోగిస్తే తుది సాంద్రత 1.013, ఆల్కహాలు సుమారు 5.1 శాతం.

చేదు: 40 గ్రాముల హాప్స్‌లో ఆల్ఫా ఆమ్లాలు 2,200 మిల్లీగ్రాములు. గంటసేపు మరిగితే వాటిలో సుమారు 23 శాతం చేదునిచ్చే రూపంలోకి మారుతుంది. లీటరుకు ఇది 26–27 మిల్లీగ్రాములు. పది నిమిషాల మోతాదు మరో ఆరు, ఏడు చేరుస్తుంది. మొత్తం 33 యూనిట్లు. కాస్కేడ్ రకాన్ని అమెరికా వ్యవసాయ శాఖ, ఒరెగాన్ స్టేట్ విశ్వవిద్యాలయం కలిసి 1972లో విడుదల చేశాయి. నిమ్మజాతి పండ్లను తలపించే దాని సువాసన ఈ బీరుకు గుర్తింపు.

రంగు: పై పాళ్ళలో సుమారు 11 ప్రమాణాలు వస్తుంది. పాత పాకం వాడితే ఈ అంచనా తప్పుతుంది.

తయారీ క్రమం

క్లోరిన్ లేని నీరు వాడాలి. క్లోరిన్ ఫినాల్‌లతో కలిసి మందు వాసన ఇస్తుంది. క్రిస్టల్ మాల్ట్‌ను కచ్చాపచ్చాగా దంచి, గుడ్డసంచిలో కట్టి, 65–70 డిగ్రీల నీటిలో అరగంట ఉంచి తీయాలి. గింజలను మరిగిస్తే పొట్టులోని టానిన్లు దిగి వగరు వస్తుంది. మంట ఆర్పిన తరువాతనే సారం కలపాలి, లేకున్న అడుగంటి మాడు వాసన పడుతుంది. 22–23 లీటర్లతో మొదలుపెడితే గంట మరిగిన పిదప సుమారు 19 లీటర్లు మిగులుతాయి. అంత నీరు కాచలేని ఇళ్ళలో సగం నీటితో కాచి, తరువాత నీరు కలుపుతారు. అట్టి ద్రవంలో చిక్కదనం హెచ్చు గనుక హాప్స్ చేదు తక్కువగా దిగుతుంది. కనుక సారంలో సగాన్ని చివరి 15 నిమిషాలలోనే వేయుట మంచిది.

మరుగుట ఆగిన క్షణం నుండి ద్రవాన్ని తాకే ప్రతి పాత్ర, గొట్టం, గరిటె క్రిమిరహితంగా ఉండాలి. ద్రవాన్ని త్వరగా 20 డిగ్రీలకు దించి, గాలి బాగుగా కలిపి, ఈస్టు చల్లాలి. కిణ్వనంలో వేడి పుడుతుంది. గది 18 డిగ్రీలున్నను పాత్రలో మరికొన్ని డిగ్రీలు పెరుగుతుంది. 24 డిగ్రీలు దాటితే ఘాటైన ఆల్కహాళ్ళు పెరుగుతాయి. తొందరపడి ఈస్టు నుండి వేరు చేస్తే వెన్న వాసన, పచ్చి ఆపిల్ వాసన మిగిలిపోతాయి. రెండు వారాలు ఆగుట క్షేమం.

సీసాలలో నింపుట అత్యంత జాగ్రత్త కోరే దశ. హైడ్రోమీటరు మూడు రోజులు వరుసగా ఒకే అంకె చూపిన తరువాతనే నింపాలి. వాయువు కోసం లీటరుకు 6 గ్రాముల చొప్పున 114 గ్రాముల పంచదారను మరిగించి కలుపుతారు. లీటరుకు 4 గ్రాముల చక్కెర పులిస్తే, బీరు పరిమాణానికి సమానమైన బొగ్గుపులుసు వాయువు పుడుతుంది. కిణ్వనం ముగియకముందే నింపితే, మిగిలిన రెండు పాయింట్లే దాదాపు అంత అదనపు వాయువును చేరుస్తాయి. నాలుగైదు పాయింట్లు మిగిలితే గాజు పగిలి కళ్ళకు, చేతులకు గాయాలు కావచ్చును. సూర్యరశ్మి తగిలితే హాప్స్ పదార్థాలు విడిపోయి దుర్వాసన వస్తుంది, గోధుమరంగు సీసాలు అందుకే.

వ్యవసాయ విస్తరణకు పాఠం

తయారీదారు ఎంత జాగ్రత్తగా లెక్క వేసినను, సారం నాణ్యత చివరకు పొలంలోనే నిర్ణయమవుతుంది. మాల్ట్ బార్లీలో మాంసకృత్తులు సుమారు 9–11.5 శాతం ఉండుట వాంఛనీయం. అంతకు మించితే పిండిపదార్థం తగ్గి సారం దిగుబడి పడిపోతుంది, బీరు మసకబారుతుంది. మరీ తగ్గితే ఈస్టుకు అమైనో ఆమ్లాలు చాలవు. ఆలస్యంగా వేసిన నత్రజని గింజ దిగుబడికంటె మాంసకృత్తులనే ఎక్కువగా పెంచుతుంది. కనుక పశువుల దాణాకు పండించే రైతుకు, మాల్ట్‌కు పండించే రైతుకు ఒకే ఎరువుల సిఫారసు సరిపోదు. కర్నాల్‌లోని భారత గోధుమ, బార్లీ పరిశోధన సంస్థ రెండు వరుసల మాల్ట్ రకాలపై విడిగా కృషి చేయుటకు కారణం ఇదే. గింజ సమాన పరిమాణం, మొలకశాతం సైతం దిగుబడితో సమానంగా లెక్కకు వస్తాయి.

తెలుగు ఇళ్ళలో రాగులను నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి పట్టే రాగి మాల్ట్‌లో పనిచేసేది ఇదే సూత్రం. మొలకలోని అమైలేజ్ వల్లనే జావ పలుచబడి, పసిబిడ్డకు తక్కువ పరిమాణంలో ఎక్కువ శక్తి అందుతుంది. జొన్న మాల్ట్‌లో బీటా అమైలేజ్ బార్లీకన్న తక్కువ, పిండి ఉడికే ఉష్ణోగ్రత ఎక్కువ. చిరుధాన్యాల రకాల ఎంపికలో మొలకశాతం, ఎంజైము శక్తి, నత్రజని యాజమాన్యం అనే మూడింటిని కలిపి పరిశీలించే ప్రయోగాలు విద్యార్థుల పరిశోధనకు తగిన అంశాలు. కొనేవాడు ఏ గుణాన్ని తూకం వేస్తాడో ముందుగా తెలిసిన రైతుకే ఆ గుణానికి ధర దక్కుతుంది. ఆ సమాచారాన్ని విత్తనానికి ముందే పొలానికి చేర్చుట విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత.