బడి వెబ్‌సైట్ పిల్లల చేతికి ఇద్దామా?

మన సంఘాల ఆధ్వర్యంలో నడుస్తున్న పాఠశాలలకు కూడా ఇప్పుడు వెబ్‌సైట్లు వచ్చాయి. సి.బి.ఎస్.ఇ. గుర్తింపు ఉన్న బడులకైతే అది తప్పనిసరి. వాటిని తెరిచి చూస్తే మాకు కనిపించేది ఇంచుమించు ఒకటే: భవనం ఫొటో, కరస్పాండెంటు గారి సందేశం, ఫీజుల పట్టిక, పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లల ఫొటోలు. క్రిస్మస్ కార్యక్రమం ప్రకటన ఈస్టరు దాటినా అక్కడే ఉంటుంది. పట్నంలో ఎవరికో డబ్బిచ్చి చేయించిన పని కాబట్టి దాన్ని మార్చేవారు బడిలో ఉండరు. పిల్లల ముఖాలు చాలా ఉంటాయి గాని, పిల్లలు రాసిన వాక్యం ఒక్కటీ దొరకదు. కొత్తగా పిల్లలను చేర్చుకోవడానికి పనికొచ్చే బొమ్మలుగానే వారక్కడ ఉన్నారు.

ఆ పేజీలను పిల్లలకే అప్పగిస్తే ఏమవుతుంది? తప్పులు రాస్తారనీ, బడి పరువు తీస్తారనీ పెద్దలకు భయం. ఈ భయం కంప్యూటరుతో పుట్టింది కాదు. పిల్లల చేతికి పత్రిక ఇచ్చిన వారు వందేళ్ళ క్రితమే ఉన్నారు.

ఫ్రాన్సు దేశపు దక్షిణ కొండల్లో బార్-సుర్-లూ అనే ఊరి బడిలో సెలెస్టిన్ ఫ్రెనే ఉపాధ్యాయుడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఊపిరితిత్తులకు గాయమై, తరగతిలో గంటల తరబడి గొంతెత్తి పాఠం చెప్పే శక్తి ఆయనకు లేకపోయింది. 1924లో ఆయన ఒక చిన్న అచ్చుయంత్రం కొని తరగతి గదిలో పెట్టాడు. పిల్లలు తాము చూసినదీ చేసినదీ రాసేవారు. ఏది అచ్చు వేయాలో అందరూ కలిసి తేల్చుకునేవారు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటే పేర్చి, సిరా పూసి, కాగితాలు తీసి, దూరాన బ్రిటనీ ప్రాంతంలో ఉన్న మరొక బడి పిల్లలకు పంపేవారు. అక్కడి నుండి జవాబు వచ్చేది. తమ మాట చదివేవారు ఎక్కడో ఉన్నారని తెలిసిన తర్వాత వర్ణక్రమదోషాలు దిద్దుకోవడానికి బెత్తంతో పనేముంది?

పోలండులో యానుష్ కోర్చాక్ అనే యూదు వైద్యుడు ఇంకొక అడుగు ముందుకు వేశాడు. ఆయన వార్సా నగరంలో అనాథ బాలల గృహాన్ని నడిపేవాడు. బడి పత్రిక గురించి 1921లోనే ఒక చిన్న పుస్తకం రాశాడు. 1926 అక్టోబరులో ఒక దినపత్రికకు అనుబంధంగా, పిల్లలే రాసే వారపత్రికను ప్రారంభించాడు. అందులో పిల్లలు తమ ఇంటి సంగతులూ, బడిలో జరిగే అన్యాయాలూ, తమ సంతోషాలూ రాసి పంపేవారు. ఆ పత్రిక 1939 సెప్టెంబరు 1 వరకు నడిచింది. ఆ రోజే హిట్లరు సైన్యం పోలండు మీద పడింది. 1942 ఆగస్టులో కోర్చాక్ తన గృహంలోని పిల్లలతో కలిసి ట్రెబ్లింకా మరణశిబిరానికి వెళ్ళాడు. పిల్లల మాటకు విలువ ఇవ్వాలని ఆయన నోటితో చెప్పి ఊరుకోలేదు.

ఇక మన బడి సంగతికి వద్దాం. పిల్లలకు అప్పగించడమంటే కంప్యూటరు బాగా తెలిసిన ఇద్దరు అబ్బాయిలకు తాళం ఇచ్చేయడం కాదు. చాలా చోట్ల జరిగేది అదే. తక్కిన పిల్లలు చూస్తూ ఉండిపోతారు. నిర్గమకాండము 18వ అధ్యాయంలో యిత్రో తన అల్లుడికి ఇచ్చిన సలహా ఇక్కడ పనికొస్తుంది. పొద్దున మొదలు సాయంత్రం దాకా ఒక్కడే కూర్చుంటే అతడూ నలుగుతాడు, జనమూ నలుగుతారు. పని పంచాలి. వార్తలు సేకరించేవారు కొందరు, అవి నిజమా కాదా అని వెళ్ళి అడిగి వచ్చేవారు కొందరు, భాష దిద్దేవారు, బొమ్మలు గీసేవారు, టైపు చేసేవారు. నెలకొకసారి పనులు మారాలి. టైపు చేసిన అమ్మాయి వచ్చే నెల వార్తకు వెళ్ళాలి. నోరు విప్పని పిల్లవాడు ఫొటోలో ఏముందో నాలుగు మాటల్లో రాసిపెట్టవచ్చు. చూపులేని వారికి కంప్యూటరు ఆ మాటలనే చదివి వినిపిస్తుంది. ఇంత ఉపయోగమైన పనిని చాలా వెబ్‌సైట్లు ఖాళీగా వదిలేస్తాయి.

వారానికి ఒక పీరియడు చాలు. ల్యాబులో ఒకే కంప్యూటరు ఉన్నా ఫరవాలేదు, ఎందుకంటే ముక్కాలు వంతు పని కాగితం మీద, చెట్టు కింద కూర్చుని జరిగేదే. పాస్‌వర్డు మాత్రం ఉపాధ్యాయుల దగ్గర ఉండాలి. ఇద్దరు పిల్లలు, ఒక టీచరు చదవనిదే ఏదీ బయటికి పోకూడదు.

అసలు పరీక్ష హెడ్మాస్టరు గారికి. ఏడో తరగతి పిల్ల వచ్చి, ‘మన బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు’ అని రాసి ఇచ్చిందనుకుందాం. దాన్ని వేస్తారా? తీసేస్తే ఆ పిల్ల రేపటి నుండి వార్షికోత్సవం ఘనంగా జరిగిందని మాత్రమే రాస్తుంది. అబద్ధసాక్ష్యం పలకకూడదని సండేస్కూలులో నేర్పి, సోమవారం నిజం రాస్తే కోప్పడితే పిల్లలు రెండో పాఠాన్నే గుర్తుంచుకుంటారు. మా అభిప్రాయం ఏమంటే, ముందు గడియ పెట్టించి, ‘ఫలానా తేదీన గడియ బిగించారు’ అనే మాటతో సహా ఆ వార్త వేయాలి. తప్పు వార్త పడితే అదే చోట, అంతే పెద్ద అక్షరాలతో సవరణ వేయాలి. ఒకరి మీద ఒకరు కసితో రాసుకున్నవి మాత్రం వద్దు. ఆ తేడా వారికి కూర్చోబెట్టి చెప్పాలి, చెబితే మనకంటే త్వరగా పట్టుకుంటారు.

భాష గురించి ఒక మాట. మన బడుల వెబ్‌సైట్లు ఎందుకో ఇంగ్లీషులోనే ఉంటాయి. కూలికి వెళ్ళే తల్లి తన కూతురు రాసిన నాలుగు ముక్కలు చదువుకోవద్దా? యూనికోడ్‌లో తెలుగు అక్షరాలు 1991 నుండీ ఉన్నాయి. సంఘ పత్రికల కోసం మనం వాడే అను ఫాంట్లలో టైపు చేసింది వెబ్‌లోకి తిన్నగా పోదు, అక్షరాలు చెదిరిపోతాయి. యూనికోడ్‌లో టైపు చేయడం పిల్లలకు మొదటి నుండే నేర్పితే ఆ బాధ ఉండదు. అమ్మమ్మ చెప్పిన సామెత, ఊరి చెరువు కథ, హాస్టలు వంటగదిలో వండే తాతగారితో మాటామంతీ, ఇవన్నీ తెలుగులో వస్తేనే రుచి. ఇంట్లో ఫోను లేని పిల్లల కోసం కొత్త పేజీని అచ్చు తీసి నోటీసు బోర్డుకు అంటించాలి. పాత గోడపత్రిక అలా తిరిగి వస్తుంది.

తల్లిదండ్రుల భయం ఇంకొకటి ఉంది, అది న్యాయమైనదే. వెబ్‌లో పెట్టిన ఫొటో ఎవరి చేతికైనా పోతుంది. 2023లో మన దేశం చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్ళ లోపు వారినందరినీ పిల్లలుగానే లెక్కించి, వారి వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలని నియమం పెట్టింది. చట్టం సరే, అంతకంటే కొంచెం ఎక్కువ జాగ్రత్త మంచిది. పేరులో మొదటి మాట, తరగతి చాలు. ఇంటిపేరు, ఊరు, ఫోను నంబరు, బస్సు దిగే చోటు వద్దు. ముఖానికి బదులు గీసిన బొమ్మ పెట్టవచ్చు. బీద పిల్లలకు పుస్తకాలు పంచుతున్న ఫొటోలో ఆ బిడ్డ ముఖం చూపించే అలవాటు మన సంస్థల్లో చాలాకాలంగా ఉంది. దాతలకు చూపాలి కదా అంటారు. ఆ బిడ్డే సంపాదకవర్గంలో ఉంటే ఆ ఫొటో వేయడానికి ఒప్పుకుంటుందా?

పదో తరగతి పిల్లలు మార్చిలో వెళ్ళిపోతారు, పని తెలిసిన టీచరుకు బదిలీ అవుతుంది, వెబ్‌సైట్ పేరుకు ఏటా కట్టే రుసుము ఎవరికీ గుర్తుండదు. ఒకరోజు తెరిస్తే ఏమీ ఉండదు. పెద్ద సంస్థలకూ ఇది తప్పలేదు. దేశదేశాల విద్యార్థులు జట్లుగా చేరి వెబ్‌సైట్లు తయారుచేసే థింక్‌క్వెస్ట్ అనే పోటీ 1996లో మొదలైంది. 2002లో ఒరాకిల్ సంస్థకు చెందిన ఫౌండేషను దాన్ని చేపట్టింది. 2013లో మూసివేశారు. పిల్లలు చేసిన వేలాది వెబ్‌సైట్లు దానితో పాటే ఆ చోటి నుండి పోయాయి. ఫ్రెనే పిల్లలు అచ్చు వేసినవి కాగితాలు కాబట్టి దాచుకున్న వారి దగ్గర మిగిలాయి.

అందుకని జనవరిలోనే ఎనిమిదో తరగతి నుండి నలుగురిని తీసుకుని, పదో తరగతి వారి పక్కన కూర్చోబెట్టాలి. రుసుము కట్టాల్సిన తేదీని ఫీజుల రిజిస్టరులోనే రాయించాలి. సంవత్సరాంతంలో ఆ ఏటి పేజీలన్నీ అచ్చు తీసి, కుట్టించి, ఒక ప్రతి బడి లైబ్రరీలో, ఒక ప్రతి చర్చి కార్యాలయంలో పెట్టించాలి. కుట్టుపని కూడా పిల్లలు చేయగలరు, దారం, సూది ఇస్తే చాలు.